తోడల్లుడి కారు పీల్చే గాలి

ఆ పేటలో ఆయన్ని అందరూ గొట్టాలాయన అంటారు. పెద్ద ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కప్పు కింద చల్లగాలి పారే రేకు గొట్టాలు ఉంటాయే, అవి చేస్తాడు. రేకు కత్తిరించడం, అంచు మడవడం, సుత్తితో కొట్టి అతుకు బిగించడం, ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఆ మోతకి ఎడమ చెవి కాస్త మందగించింది గానీ, ఆయన చెయ్యి పడిన అతుకులోంచి సూదిమొనంత గాలి కూడా బయటికి రాదు. ఈ సంగతి ఆయనే పదిమందికీ చెబుతుంటాడు, ఎవరూ అడక్కపోయినా.

మనిషి మంచివాడే. ఒకరి జోలికి పోడు. ఒక్కటే జబ్బు, కుళ్ళు. అదైనా ఊరందరి మీదా కాదు. పక్కింటాయన మేడ మీద మేడ వేసినా ఈయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఉన్న కుళ్ళంతా కూడబెట్టి ఒక్క మనిషి మీదే ఖర్చు చేస్తాడు. ఆ మనిషి తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు.

తోడల్లుడు స్కూల్లో డ్రాయింగు మాస్టారు. మెత్తగా మాట్లాడతాడు, చొక్కా నలగనివ్వడు, ఈయన్ని నోరారా "అన్నయ్యా" అని పిలుస్తాడు. కోపం తెచ్చుకుందామంటే ఎక్కడా సందు దొరకదు. అంతకన్నా ఒళ్ళు మండే విషయం ఇంకేం ఉంటుంది చెప్పండి. పదకొండేళ్ళ కిందట అక్కచెల్లెళ్ళిద్దరూ పట్టుబట్టి మొగుళ్ళ చేత ఒకే వారంలో ఒకే రకం కార్లు కొనిపించారు. ఒకే బుల్లి ఇంజను, ఒకే బూడిద రంగు. ఆ తర్వాత మాస్టారికి బదిలీ అయి దూరం వెళ్ళిపోయాడు కాబట్టి గొట్టాలాయన పదేళ్ళు హాయిగా ఉన్నాడు.

ఇక అత్తగారి సంగతి చెప్పాలి, ఎందుకంటే కథంతా ఆవిడ కోసమే. ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయింది. రెండో అంతస్తులో రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది, కూతుళ్ళు రమ్మన్నా రాదు. వినడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా కళ్ళార్పకుండా వింటుంది, ఆ తర్వాత సరిగ్గా అడగాల్సిందే అడుగుతుంది. గొట్టాలాయనకి ఆరేళ్ళప్పుడే తల్లి పోయింది. పిన్నమ్మల ఇళ్ళల్లో, మేనత్తల ఇళ్ళల్లో పెరిగాడు. అన్నం పెట్టినవాళ్ళు ఉన్నారు గానీ, ఇవాళ ఏం చేశావురా అని అడిగినవాళ్ళు లేరు. పెళ్ళయ్యాక అడిగిన మొదటి మనిషి అత్తగారే.

ఎనిమిది నెలల కిందట ఆవిడకి కుడి చెయ్యి పడిపోయింది. మనిషి తేరుకుంది, చేతికి మాత్రం బుధవారం, శనివారం కసరత్తు చేయించాలన్నారు. ఆ ఆసుపత్రి కొండ మీద ఉంది. తొమ్మిదింటికి అక్కడ ఉండాలి. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్ళీ తన రోజు వచ్చేదాకా చెయ్యి అలాగే వేలాడుతుంది. తీసుకెళ్ళే పని గొట్టాలాయన తన నెత్తిన వేసుకున్నాడు. కొండ ఎక్కడానికి ఆయన బుల్లి కారుకి ముప్పై ఒక్క నిమిషాలు పట్టేది. రెండో మలుపు దగ్గర నుంచి ఫస్టు గేరులో మూలుగుతూ పాకేది. వెనక లారీ వాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. ఈయనకి చీమంత చింత లేదు. పక్క సీట్లో అత్తగారు, "నిన్న ఏం కొట్టావు నాయనా?" అని అడిగేది. వంకర గొట్టం ఎలా వంచుతారో, మూడు ముక్కలుగా కోసి ఎందుకు కలుపుతారో ఈయన స్టీరింగు వదిలేసి మరీ చేతులతో చూపించేవాడు. "ముందు రోడ్డు చూడు బాబూ," అనేది ఆవిడ. ఆ వారానికి రెండు ముప్పై ఒక్క నిమిషాల కోసమే ఆయన మిగతా వారమంతా రేకులు కొట్టాడంటే అబద్ధం కాదు.

అలాంటి సమయంలో మాస్టారికి తిరిగి ఇక్కడికే బదిలీ అయింది.

వచ్చిన నెలకే ఒక శనివారం గొట్టాలాయన ఏదో ఆఫీసు కప్పెక్కి గొట్టాలు బిగించాల్సి వచ్చింది. అత్తగారిని మాస్టారు తీసుకెళ్ళాడు. మర్నాడు అందరూ పెద్దకూతురింట్లో భోజనానికి కూర్చున్నారు. మరదలు మొదలుపెట్టింది.

"బావగారూ, మా బండి ఎంతసేపట్లో ఎక్కిందో తెలుసా? పంతొమ్మిది నిమిషాలు. ఒక్క దమ్ములో."

"ఏదో గొట్టం మార్చాడట కదా," అంది గొట్టాలాయన భార్య, కళ్ళు పెద్దవి చేసి. "మా మరిది సొంతంగా చేసుకున్నాడట. మెకానిక్కు కూడా అక్కర్లేదట."

గొట్టం అన్న మాట వినగానే ఈయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కారు పందెంలో ఓడిపోయినా ఓర్చుకునేవాడేమో. కానీ గొట్టంలో. అదీ బొమ్మలేసుకునే మనిషి చేతిలో.

"చిన్న పనే అన్నయ్యా," అన్నాడు మాస్టారు సిగ్గుపడుతూ. "ఇంజను గాలి పీల్చే డబ్బా ఉంటుంది చూడండి, దాని మూతి మరీ ఇరుకు. దానికి కాస్త లావు గొట్టం తగిలించి..."

"నాకు తెలుసులే. ఇరవై ఆరేళ్ళుగా గాలితోనే కాపురం చేస్తున్నాను," అన్నాడు గొట్టాలాయన. తెలిసింది సున్న. కార్ల ఇంజను గాలి పీలుస్తుందన్న సంగతే ఆ నిమిషం దాకా ఆయన ఆలోచించలేదు.

అంతవరకైతే సర్దుకునేవాడు. చేతులు కడుక్కుంటుంటే అత్తగారు దగ్గరికొచ్చి, "నువ్వు పని మానుకుని తిరుగుతున్నావు. శనివారాలు చిన్నబ్బాయి తీసుకెళ్తానన్నాడు, నువ్వు బుధవారం చాలు," అంది. ఆవిడ మంచికే చెప్పింది. ఈయనకి మాత్రం ఉన్న ఆస్తిలో సగం ఎవరో గీత గీసి పంచుకుపోయినట్టయింది. అలాగే అత్తయ్యా అన్నాడు, నవ్వాడు కూడా. ఆ రాత్రి భార్య రెండుసార్లు లేచి, "ఏంటండీ పళ్ళు అలా నూరుతున్నారు," అని అడగాల్సి వచ్చింది.

ఆ గొట్టమేంటో చూడాలి. అడిగితే మాస్టారు కాగితం మీద బొమ్మ గీసి మరీ ఇస్తాడు. అందుకే అడగడు. మరుసటి ఆదివారం మాస్టారి ఇంటికెళ్ళి, అందరూ టీ తాగుతుంటే, కళ్ళజోడు కారులో మర్చిపోయానని బయటికొచ్చి, తన కారు దగ్గరికి కాకుండా తోడల్లుడి కారు దగ్గరికి నడిచాడు. బానెట్టు ఎత్తాడు. దొంగలాగా గుండె కొట్టుకుంటోంది, ఆ వయసులో. చూస్తే నిజంగా చిన్న పనే. పాత ఇరుకు మూతి పీకేసి, ముడతలు ముడతలుగా ఉండే నల్ల గొట్టం ఒకటి డబ్బాకి బిగించి, దాన్ని హెడ్‌లైటు పక్కనుంచి ముందుకి తీసుకొచ్చి, కారు ముందుండే కన్నాల జాలీ వెనకాల వదిలాడు. రెండు పక్కలా క్లిప్పులు. బయటి గాలి సరాసరి లోపలికి. ఎక్కడా అతుకు లేదు, వంకర లేదు. తప్పు పట్టుకుందామని ఎంత వెతికినా దొరక్కపోయేసరికి ఈయనకి ఏడుపొచ్చినంత పనైంది.

"ప్లాస్టిక్కు," అనుకున్నాడు చివరికి. "రేకు ముందు ఇదెంత."

నాలుగు రోజులు షెడ్డులో పని ముగిశాక కూర్చుని తన గొట్టం తయారుచేశాడు. చెప్పొద్దూ, చూడముచ్చటగా చేశాడు. తోడల్లుడి దానికి రెండింతల లావు. మెరిసే రేకు, మడత అతుకులు, రివెట్లు, అంచులకి వెండి టేపు. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశాడు.

ఇక మూతి ఎక్కడ పెట్టాలి. ఇక్కడే ఆయన పనితనం ఆయన్ని ముంచింది. గొట్టాలు బిగించేవాళ్ళకి ఒక అలవాటు ఉంది. గాలి ఎక్కడ జోరుగా వస్తోందో చూడ్డానికి సన్న తీగకి కాగితం తోక కట్టి పట్టుకుంటారు. తోక ఎక్కడ బాగా ఎగిరితే అక్కడ గాలి ఉన్నట్టు. పొద్దున్నే షెడ్డు ముందు కారు నిలబెట్టి, ఇంజను వేసి, అలవాటుగా ఏసీ కూడా వేసి, బానెట్టు ఎత్తి తోక పట్టుకున్నాడు. మాస్టారు పెట్టిన చోట, అంటే ముందు జాలీ దగ్గర పెట్టాడు. తోక చచ్చినట్టు వేలాడింది. మరి నిలబడ్డ కారుకి ఎదురుగాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ మాట తట్టలేదు. ఇంకాస్త వెనక్కి జరిపాడు. ఏసీ వెయ్యడంతో తిరుగుతున్న రేడియేటరు ఫ్యాను వెనకాలకి వచ్చేసరికి తోక తెగిపోయేంతగా కొట్టుకుంది.

"చూశావా మాస్టారూ, గాలి ఇక్కడుంటే గొట్టం అక్కడ పెట్టావు," అన్నాడు పైకే. ఆ ఆదివారం భోజనం తర్వాత మొదటిసారి గుండె తేలికపడింది. ఆ ఫ్యాను వెనకే, సగం ఫ్యానుని కప్పేస్తూ, తన పెద్ద రేకు మూతిని బిగించాడు. ఇంజను ఇంకా చల్లగానే ఉంది కాబట్టి ఆ గాలి అప్పటికి గోరువెచ్చగా కూడా లేదు. చల్లగాలి పంచి బతికే మనిషి, గాలి జోరు చూశాడు గానీ వేడి చూడలేదు. కుళ్ళు మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో ఇంతకన్నా ఏం చెప్పాలి.

సాయంత్రం భార్యని ఎక్కించుకుని వీధి చివరిదాకా తిప్పాడు. శబ్దం మింగే పాత ఇరుకు మూతి పీకేశాడు కదా, ఇంజను బొబ్బలు పెట్టింది.

"ఏంటండీ ఈ గోల?"

"గోల కాదే, బలం."

"మీకు ఆ చెవి సరిగ్గా వినపడదు కాబట్టి బలంలా ఉంది. నాకు గోలలాగే ఉంది," అంది ఆవిడ. ఈయన పట్టించుకోలేదు.

శనివారం మాస్టారి వంతు. ఐనా పొద్దున్న ఎనిమిదిన్నరకి ముందే గొట్టాలాయన అత్తగారి మెట్ల కింద కారుతో సిద్ధంగా ఉన్నాడు. రెండు నిమిషాలకి మాస్టారు వచ్చాడు. ఒకే రంగు కార్లు రెండు ఎదురెదురుగా నిలబడ్డాయి.

"అన్నయ్యా, ఇవాళ శనివారం కదా."

"ఐతే ఏం? శనివారం ఏమైనా నీ పేరు మీద రాసిచ్చారా?"

"అది కాదు, మీకు శ్రమ ఎందుకని..."

"నాకు శ్రమ అని నేను చెప్పానా?"

అత్తగారు కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసింది. చేతి గడియారం చూసింది. "ఎవరో ఒకరు తలుపు తియ్యండి," అంది. గొట్టాలాయన ముందుగా ఉరికి తన కారు తలుపు తీశాడు. ఆవిడ కూర్చుంది. మాస్టారి మొహం మాడిపోయింది, ఈయన అది అద్దంలో చూసుకుని చూసుకుని మురిసిపోయాడు. ఏం మనిషో గానీ మాస్టారు ఇంటికి పోకుండా వెనకే తన కారులో బయల్దేరాడు.

కొండ మొదట్లో బాగానే ఉంది. ఇంజను గర్జిస్తోంది, ఈయన సెకండు గేరులో లాగిస్తున్నాడు. ఆ గోలలో అత్తగారు ఏదో అడిగింది, వినపడలేదు. మళ్ళీ అడిగింది. ఈయన నవ్వుతూ తలూపాడు, కళ్ళు మాత్రం అద్దంలో వెనక కారు మీదే ఉన్నాయి. ఆవిడ మరి అడగలేదు. మొదటి మలుపు దాటాక కారు బలం తగ్గడం మొదలుపెట్టింది. యాక్సిలరేటరు అడుగంటా తొక్కాడు, గోల పెరిగింది గానీ వేగం పెరగలేదు. ఇంజను సెగంతా ఫ్యాను తెచ్చి గొట్టంలోకి కుక్కుతోంది, గొట్టం అడ్డం పడి రేడియేటరు చల్లారడం లేదు. రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీతని తాకింది, బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. కారు ఒక బస్‌స్టాపు పక్కన ఆగిపోయింది. పదకొండేళ్ళలో అది అలా ఆగిపోవడం అదే మొదటిసారి.

టైము ఎనిమిది నలభై రెండు.

మాస్టారు తన కారు ఆపి పరుగెత్తుకొచ్చాడు. చేతికి గుడ్డ చుట్టుకుని బానెట్టు ఎత్తి, మెరిసే రేకు గొట్టాన్ని చూశాడు. తర్వాత దాని అతుకు మీద వేలు రాశాడు. "ఎంత బాగా చేశారు," అన్నాడు. వెక్కిరింపు కాదు, బొమ్మలేసేవాడు పనితనం చూసి అన్న మాట. ఆ తర్వాత మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చురుక్కుమనగానే వెనక్కి తీసుకున్నాడు. "అన్నయ్యా, ఇది వేడి గాలి."

గొట్టాలాయనకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. నిన్న మొన్న పనిలో చేరినవాడు చెయ్యని తప్పు తను చేశాడు. తల కొట్టేసినట్టయింది. సిగ్గు మింగలేక కోపంగా తిరిగాడు.

"తెలుసులేవయ్యా. నీ ప్లాస్టిక్కు గొట్టం గొప్ప, నువ్వు గొప్ప, నీ పంతొమ్మిది నిమిషాలు గొప్ప. నా దగ్గరున్నది వారానికి రెండు రోజులు. అవి కూడా నీకే కావాలా? నీకు కన్నతల్లి ఉంది కదా. పండులాంటి తల్లి. నాకెవరున్నారు?"

లారీ ఒకటి పక్కనుంచి వెళ్ళింది. మాస్టారు నలగని చొక్కాకి మసి చేతులు తుడుచుకున్నాడు.

"మా అమ్మ నాతో మాట్లాడి నాలుగేళ్ళయింది అన్నయ్యా. మీకెవరికీ చెప్పలేదు," అన్నాడు. "అత్తయ్యకి ఫోను చేసినప్పుడల్లా, పెద్దబ్బాయి ఇలా అన్నాడు, పెద్దబ్బాయి అలా చెప్పాడు, వంకర గొట్టం మూడు ముక్కలు చేస్తాడట, అని మీ మాటలే. ఎనిమిది నెలలు అవే విన్నాను. కడుపు మండిపోయేది. మీ కన్నా త్వరగా తీసుకెళ్తేనన్నా నా కారెక్కుతుందని ఆ గొట్టం పెట్టాను. నిజానికి దాని వల్ల ఒరిగింది పెద్దగా ఏం లేదు. మాసిపోయిన ఫిల్టరు మార్చాను, ఏసీ ఆపి తొక్కాను. అంతే. మిగతాదంతా చప్పుడు."

తన మీద కూడా ఒకడు ఏడుస్తున్నాడు. అదీ ఇంత కాలంగా. వినగానే ముందు లోపల ఎక్కడో తియ్యగా అనిపించింది, దాచడమెందుకు. పెద్దబ్బాయి ఇలా అన్నాడు అని ఆవిడ చెప్పుకునేదట. ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది.

"ఏమన్నదీ? మూడు ముక్కల సంగతి కూడా చెప్పిందా?"

"అన్నీ చెప్పింది. మడత అతుకు సంగతి కూడా."

"అది చెప్పడం కష్టమయ్యా. ఎలా చెప్పింది?"

ఇద్దరూ బానెట్టు కింద తలలు దూర్చి అలా ఎంతసేపు మాట్లాడుకున్నారో వాళ్ళకే తెలీదు. బస్సు బ్రేకుల చప్పుడుకి మాస్టారు ముందుగా తల ఎత్తాడు. కొండ మీదికి వెళ్ళే బస్సు స్టాపులో ఆగి ఉంది. అత్తగారు కర్ర చంకలో పెట్టుకుని మెట్టెక్కుతోంది, కండక్టరు చెయ్యందించి లాగుతున్నాడు.

"అత్తయ్యా!" ఇద్దరూ ఒకేసారి పరిగెత్తారు. "మాస్టారి కారుంది కదా అత్తయ్యా," అని గొట్టాలాయనే అన్నాడు, ఆ మాట తన నోట వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆవిడ మెట్టు మీద నిలబడి వెనక్కి చూసింది. కోపం లేదు మొహంలో. "నేను తొమ్మిదింటికి అక్కడుండాలి. మీ ఇద్దరికీ తొమ్మిదింటికి ఏ పనీ లేదు," అంది. బస్సు కదిలింది.

తొమ్మిదికి మూడు నిమిషాల ముందే ఆవిడ చేరిందట. వీళ్ళిద్దరూ రేకు గొట్టం ఊడదీసి, నీళ్ళు పోసి, ఇంజను చల్లారాక వెళ్ళేసరికి కసరత్తు అయిపోయి, తిరుగు బస్సు కూడా ఎక్కేసింది.

ఆ బుధవారం గొట్టాలాయన ఎనిమిదింటికే మెట్ల కింద నిలబడ్డాడు. ఆవిడ కర్రతో దిగి, పలకరించి, పక్కనుంచి బస్‌స్టాపుకి నడిచింది. శనివారం మాస్టారికీ అంతే. బతిమాలారు, కూతుళ్ళ చేత చెప్పించారు, లాభం లేదు. నెల గడిచింది, ఇంకో నెల కూడా. ఇప్పుడు ఆయన కారులో మాస్టారు బిగించి ఇచ్చిన నల్ల గొట్టం ఉంది, పద్ధతిగా, జాలీ వెనక. కొండ ఇరవై నిమిషాల్లో ఎక్కుతుంది. పక్క సీటు ఖాళీ.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు బస్సు కబుర్లు చెప్పింది. ఆ డ్రైవరు ఎంత నెమ్మదస్తుడో, తను కూర్చునేదాకా బండి కదపడట. డ్రైవరు వెనక సీటు తనకోసం ఖాళీగా ఉంచుతాడట. దిగేటప్పుడు, చెయ్యి ఎలా ఉందమ్మా, అని అడుగుతాడట. తోడల్లుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏం, అతనికి సొంత అత్తగారు లేదేమిటి?" అన్నాడు గొట్టాలాయన, కంచంలోకి చూస్తూ.

"ఉందట నాయనా. కన్ను ఆపరేషనయిందట. రోజంతా బస్సు మీదే ఉండాలి కదా, ఆవిణ్ణి ఆసుపత్రికి తోడల్లుడే తిప్పుతున్నాడట. చెప్పేటప్పుడు ఆ అబ్బాయి మొహం చూడాలి, ఎంత చిన్నబోయిందో. అందుకే ఆ బస్సు మానలేకపోతున్నాను."

మాస్టారు మంచినీళ్ళు తాగాడు. గొట్టాలాయన కంచంలో మెతుకులు ఏరుకున్నాడు. ఆ డ్రైవరు బాధ ఏమిటో ఆ గదిలో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. తెలిసి కూడా కడుపు మండింది.